డిక్షనరీ మంచిదో కాదో తేలాలంటే వాక్ అని కొట్టి చూడండి

కొత్త డిక్షనరీ యాప్ దింపుకోగానే చాలామంది ఏదో ఒక పెద్ద మాట కొట్టి చూస్తారు. ఫొటోసింథసిస్ అనో, బ్యూరోక్రసీ అనో. అది సరిగ్గా వస్తే యాప్ బాగుందని ఉంచేసుకుంటారు. నా లెక్కలో ఆ పరీక్షతో ఏమీ తేలదు. పెద్ద మాటలకు మామూలుగా ఒకటో రెండో అర్థాలుంటాయి, వాటిని ఎవరైనా సరిగ్గానే ఇస్తారు. డిక్షనరీ చేసినవాళ్లు నిజంగా కష్టపడ్డారా, ఎక్కడినుంచో ఎత్తి పోశారా అన్నది చిన్న మాటల దగ్గర బయటపడుతుంది. నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను కాబట్టి రోజంతా ఏదో ఒక డిక్షనరీ తెరిచే ఉంటుంది, కొత్తది ఏది చేతికొచ్చినా మొదట వాక్ (walk) అనే మాట తీసి చూస్తాను. నడవడం. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠాల్లోనే వచ్చే మాట. ఈ రివ్యూలో ఉచిత ఇంగ్లీష్-తెలుగు యాప్‌లు, నేర్చుకునేవాళ్ల కోసం రాసిన ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీలు, మాటల చరిత్ర చెప్పే పెద్ద డిక్షనరీలు, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విక్షనరీ, అన్నిటినీ ఆ ఒక్క మాట దగ్గరే ఆపి చూశాను.

రన్ ఎందుకు తీసుకోలేదని అడగొచ్చు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ సంపాదకులు రన్ అనే క్రియకు తేల్చిన అర్థాలు 645. అంత పెద్ద మాటతో పరీక్ష పెడితే ఏ డిక్షనరీ అయినా ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది, పోలిక కుదరదు. వాక్ మధ్యరకం. ఓపికగా కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు, అయినా అందులో ఆటలు, కోర్టులు, లెక్కలు, గుర్రాలు, దెయ్యాలు అన్నీ ఉన్నాయి.

ముందు ఉచిత ఇంగ్లీష్-తెలుగు యాప్‌ల సంగతి. పేర్లు చెప్పను, ఎందుకంటే నేను చూసినవాటిలో పేరు, రంగు మారాయి తప్ప లోపలి సరుకు దాదాపు ఒకటే. వాక్ అని కొడితే ఒక వరస వస్తుంది. నడక, నడచు, విహారము, బాట, సంచారము, తిరుగు. మధ్యలో కామాలు, అంతే. ఏది క్రియో ఏది నామవాచకమో విడదీయరు, ఉదాహరణ వాక్యం ఉండదు, ఎప్పుడు ఏది వాడాలో చిన్న సూచన కూడా ఉండదు. ఆ వరసలో తప్పు మాట ఒక్కటీ లేదు. అసలు ఇబ్బంది అదే. తప్పుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఇక్కడ అన్నీ ఒప్పే కాబట్టి చూసినవాళ్లు పని అయిపోయిందనుకుని యాప్ మూసేస్తారు.

కేసులో ఇరుక్కున్న మనిషి 'వాక్ట్ ఫ్రీ' అని ఇంగ్లీషు పేపర్లో చదివిన విద్యార్థి ఈ వరస చూసి ఏం రాస్తాడు? స్వేచ్ఛగా నడిచాడని రాస్తాడు. అసలు సంగతి ఏమిటంటే ఆ మనిషికి శిక్ష పడలేదు, బయటికొచ్చేశాడు. కాళ్లతో నడిచాడా, కారెక్కాడా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఇంగ్లీషువాళ్లు మామూలు మాటల్లో నా పెన్ను వాక్ చేసిందంటారు. అంటే అక్కడ పెట్టింది కనబడటం లేదు, ఎవరో పట్టుకుపోయుంటారు. మనమూ పెన్నుకు కాళ్లొచ్చాయి అంటాం కదా! ఎంత చక్కగా అతికేది. ఆ రెండు మాటలు యాప్‌లో రాయడానికి ఎవరికీ కష్టం కాదు. వాక్యాలు ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి లేకపోవడం వల్లే రాలేదని నాకనిపిస్తుంది.

ఇంగ్లీష్-ఇంగ్లీష్ లెర్నర్స్ డిక్షనరీలకు వస్తే, వీటిలో నాలుగు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్. వీటిని చూస్తే చాలామందికి భయం. ఇంగ్లీషు రాకే కదా డిక్షనరీ తెరిచింది, మళ్లీ అర్థం ఇంగ్లీషులోనే చెబితే ఎలా అని. ఆ ఇబ్బందిని వీళ్లు ముందే ఆలోచించారు. లాంగ్‌మన్ 1978లో మొదటిసారి వచ్చినప్పుడే అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే చెప్పాలని నియమం పెట్టుకుంది. ఆ తర్వాత మిగతావాళ్లూ తమ తమ జాబితాలు పెట్టుకున్నారు. ఏడెనిమిదో తరగతి ఇంగ్లీషు ఉన్న పిల్లవాడు కూడా వాక్ అనే మాట కింద రాసింది చదువుకోగలడు, కాస్త ఆగి ఆగి చదువుతాడేమో అంతే.

ఇక నేను అన్నిటికన్నా ముందు చూసేది వాక్ పక్కన మనిషో వస్తువో వచ్చినప్పుడు ఏం చెప్పారన్నది. నడవడం అంటే ఎవరికి వారు చేసే పని. ఇంగ్లీషులో మాత్రం వాక్ తర్వాత కర్మ పెట్టేయొచ్చు, పెట్టిన ప్రతిదానితోనూ అర్థం కొత్తదవుతుంది. కుక్కను వాక్ చేస్తే దాన్ని బయట తిప్పుకొచ్చినట్టు. స్నేహితురాలిని ఇంటికి వాక్ చేస్తే ఆమెను దింపడానికి తోడుగా నడిచి వెళ్లినట్టు, ఆమెను ఎవరూ నడిపించలేదు. సైకిల్‌ను వాక్ చేస్తే దిగి, పక్కన నడుస్తూ తోసుకెళ్లినట్టు. ఫ్రిజ్‌నో బీరువానో వాక్ చేస్తే ఒక మూల లేపి కాస్త తిప్పి, తర్వాత రెండో మూల తిప్పి, అలా జరుపుకుంటూ వెళ్లినట్టు. వీధులను వాక్ చేస్తే వీధుల్లో తిరిగినట్టు. ఒక మనిషిని ఒక పద్ధతి 'త్రూ' వాక్ చేస్తే మెట్టుమెట్టుగా వివరించినట్టు, ఆఫీసుల్లో వాక్-త్రూ అనే మాట ఇక్కడిదే. క్రియ ఒకటే, పక్కన మాట మారేసరికి ఒకచోట తోడు, ఒకచోట తోయడం, ఒకచోట చెప్పడం.

ఈ విషయంలో లెర్నర్స్ డిక్షనరీలకు నేను మంచి మార్కులు వేస్తాను. అకర్మకమా సకర్మకమా, అంటే తర్వాత కర్మ రాదా వస్తుందా అన్న గుర్తు అర్థం పక్కనే ఉంటుంది, దాని కింద ఉదాహరణ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్‌కు ఈ పట్టు పుట్టుకతో వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు టీచర్, క్రియ తర్వాత ఏం రావాలో తెలియకే పరాయి భాషవాళ్లు తడబడుతున్నారని గట్టిగా నమ్మినవాడు. ఆ పుస్తకం మొదట 1942లో టోక్యోలో వేరే పేరుతో వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మళ్లీ వేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా క్రియల వాడుక చూపించడంలో ఆ శ్రద్ధ కనిపిస్తుంది.

కోబిల్డ్ దారి ఇంకొకటి. 1987లో బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ బృందం కంప్యూటర్లో పోగేసిన నిజమైన వాక్యాల ఆధారంగా దీన్ని తయారుచేసింది. ఇందులో అర్థాన్ని పూర్తి వాక్యంగా చెబుతారు. మీరు ఒక మనిషిని ఎక్కడికైనా ఇలా చేస్తే, వారితో కలిసి నడిచి అక్కడికి వెళ్తారు అన్న తరహాలో. దీనివల్ల జరిగే మేలు ఏమిటంటే ఎవరు చేస్తారు, ఎవరిని చేస్తారు, ఎక్కడికి అన్న మూడూ అర్థంతోపాటే వచ్చేస్తాయి, గుర్తుల జోలికి పోనక్కర్లేదు. గ్రామర్ పేరు చెబితే టెన్షన్ పడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కాకపోతే వాక్యాలు పొడుగు, ఫోన్లో చదివితే వేలు కిందికి లాగుతూనే ఉండాలి.

అర్థం త్వరగా పట్టుకోవాలంటే మాత్రం లాంగ్‌మన్ పద్ధతి ముందుంటుంది. ఎక్కువ అర్థాలున్న మాటలకు అది ప్రతి అర్థం ముందూ చిన్న దారిపలక లాంటి మాట పెడుతుంది. మీ వాక్యం దేని గురించో తెలిస్తే ఆ పలకలు మాత్రమే చూసుకుంటూ కిందికి వెళ్లి, సరిపోయిన చోట ఆగితే చాలు. అనువాదం చేసేటప్పుడు నిమిషం కూడా విలువైనదే కాబట్టి నేను ఎక్కువగా దీన్నే తెరుస్తాను. కేంబ్రిడ్జ్‌లో నచ్చినది ఇంకొకటి, మాట మొత్తానికి కాకుండా అర్థాలకు విడివిడిగా స్థాయి గుర్తు ఇవ్వడం. వాక్ అనగానే ఎ1, అంటే మొట్టమొదటి మెట్టు మాట అని పుస్తకాల్లో రాసేస్తారు, అది కాళ్ల నడక వరకే నిజం. మిగతా అర్థాలకు వచ్చేసరికి బాగా చదువుకున్నవాళ్లూ ఆగిపోతారు. మాటకు ఒకటే స్థాయి ఇచ్చి ఊరుకునే యాప్‌ల మీద నాకున్న కోపం ఇదే, పిల్లలు ఈ మాట నాకొచ్చు అనుకుని ఇక జన్మలో తెరవరు.

అసలు నడవడం అంటే ఏమిటో ఎలా నిర్వచించారన్నది కూడా చూడండి, ఇది నాకు ఇష్టమైన చోటు. ఒక కాలి ముందు ఇంకో కాలు వేస్తూ ముందుకెళ్లడం అని రాస్తే పరుగుకీ అదే సరిపోతుంది. పరుగుకన్నా నెమ్మది అని ఒక ముక్క చేర్చినా పూర్తిగా సరిపోదు, గబగబా నడిచేవాళ్లు నెమ్మదిగా పరుగెత్తేవాళ్లను దాటేస్తారు. తేడా ఎక్కడుందంటే నడకలో ఎప్పుడూ కనీసం ఒక పాదం నేల మీద ఉంటుంది, పరుగులో రెండూ గాల్లోకి లేస్తాయి. ఈ ముక్క చెప్పిన డిక్షనరీ కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. నడక పోటీల నియమం కూడా దీనిమీదే నిలబడింది. పాదం నేలను వదిలినట్టు కంటికి కనిపించకూడదు, ముందుకేసిన కాలు నేలను తాకినప్పటినుంచి శరీరం కిందికి నిటారుగా వచ్చేవరకు మోకాలు వంగకూడదు. కంటికి అని ఎందుకన్నారంటే, స్లో మోషన్‌లో చూస్తే ఆ వేగంలో రెండు పాదాలూ లేచిన క్షణాలు దొరుకుతాయి. న్యాయనిర్ణేతలు వీడియో చూసి కాదు, మామూలు కళ్లతోనే తీర్పు చెబుతారు.

గుర్రానికీ వాక్ ఉంది. దాని నడకల్లో అన్నిటికన్నా నెమ్మదైనది, నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి. ఆ తర్వాత ట్రాట్, క్యాంటర్, గ్యాలప్.

ఆటల దగ్గర చాలా డిక్షనరీలు తడబడతాయి, ఇది మన పాఠకులకు ముఖ్యం కూడా. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ వాక్ చేశాడంటే అంపైర్ వేలెత్తేవరకు ఆగకుండా తాను అవుటని ఒప్పుకుని తనంతట తాను వెళ్లిపోయాడని. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్లో శ్రీలంక మీద ఆడం గిల్‌క్రిస్ట్ అలాగే వెళ్లిపోయాడు. అరవింద డిసిల్వా బంతి బ్యాటుకు తగిలి కీపర్ సంగక్కర చేతిలో పడింది, అంపైర్ అవుటివ్వలేదు, గిల్‌క్రిస్ట్ మాత్రం పెవిలియన్ వైపు తిరిగాడు. ఆ సంఘటన మీద వచ్చిన ఏ ఇంగ్లీషు వ్యాసం తీసుకున్నా వాక్ అన్న క్రియ ఒంటరిగా ఉంటుంది, అది నడక గురించి కాదు, నిజాయితీ గురించి. ఇప్పుడు అదే మాటను బేస్‌బాల్‌కు తీసుకెళ్లండి. బంతి వేసేవాడు హద్దు బయట నాలుగు బంతులు వేస్తే, కొట్టేవాడు వాటిని వదిలేస్తే, అతనికి మొదటి బేస్‌కు ఊరికే వెళ్లే హక్కొస్తుంది. దాన్నీ వాక్ అనే అంటారు. కొట్టేవాడు వాక్ చేశాడనొచ్చు, వేసేవాడు కొట్టేవాణ్ణి వాక్ చేశాడనీ అనొచ్చు. ఒక ఆటలో మైదానం వదిలిపోవడం, ఇంకో ఆటలో మైదానంలో ముందుకెళ్లడం. అమెరికాలో తయారైన డిక్షనరీలో బేస్‌బాల్, బ్రిటన్‌లో తయారైనదాంట్లో క్రికెట్ బాగా కనిపిస్తాయి, కాబట్టి ఆటల వార్తలు చదివేవాళ్లు రెండు రకాలూ దగ్గర పెట్టుకోవడం మంచిది.

వాకోవర్ సంగతి మనకు తెలుగు పేపర్లలోనే అలవాటు. ఎదుటి జట్టు రాకపోతే వాకోవర్ ఇచ్చారంటాం. ఇది గుర్రప్పందేల మాట. బరిలో ఒకే గుర్రం మిగిలినా దాని యజమానికి బహుమతి ఊరికే ఇవ్వరు, ఆ గుర్రం మైదానం మీదుగా ఒకసారి నడిచి వెళ్లాలి. పోటీ లేదు కాబట్టి పరుగెత్తనక్కర్లేదు, నడిస్తే చాలు. చాలా తేలిగ్గా గెలవడం అన్న అర్థం ఆ నడక నుంచే. కేక్‌వాక్ మాటకూ దగ్గర దగ్గర ఇదే అర్థం గానీ పుట్టుక పూర్తిగా వేరు, అమెరికా దక్షిణాదిలో బానిసత్వంలో మగ్గిన నల్లజాతివాళ్ల జంట నృత్యం అది, పోటీలో గెలిచిన జంటకు కేకు బహుమతి. ఇంత చరిత్ర ఉన్న మాటను సులభమైన పని అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు బాధగా ఉంటుంది.

వెతికే డబ్బా ఎలా పనిచేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వాక్ అవుట్ రెండు మాటలుగా రాస్తే క్రియ, కలిపి రాస్తే నామవాచకం. సభలోంచి నిరసనగా లేచిపోవడం, పని మానేసి సమ్మెకు దిగడం రెండూ ఇదే. దాని వెనక ఆన్ చేరిందంటే కథ మారిపోతుంది, భార్యనో భర్తనో పిల్లలనో వదిలేసి వెళ్లిపోవడం. వాక్ ఆఫ్ అంటే కోపంగానో హఠాత్తుగానో వెళ్లిపోవడం, తిన్నది అరగడానికి నడిచినా ఇదే మాట. వాక్ ఆఫ్ విత్ అంటే ఎవరిదో వస్తువు ఎత్తుకుపోవడం, లేదంటే బహుమతి అవలీలగా కొట్టేయడం. వాక్ ఇంటూ అంటే గోడకు గుద్దుకోవడం నుంచి ఉచ్చులో పడటం, పెద్దగా కష్టపడకుండా ఉద్యోగం దొరకడం దాకా. వాక్ ఆల్ ఓవర్ అంటే ఒకరిని లెక్కచేయకుండా తొక్కేయడం. వాక్ బ్యాక్ అనేది ఈమధ్య అమెరికా రాజకీయ వార్తల్లో తరచూ కనిపిస్తుంది, అన్న మాట నుంచి మెల్లగా వెనక్కి తగ్గడం. లెర్నర్స్ డిక్షనరీలు ఇలాంటి క్రియలను కింద విడిగా ఒక గుంపుగా పెడతాయి, ప్రతిదానికీ ఉదాహరణ ఇస్తాయి. నేను వాడిన ఉచిత యాప్‌లలో వాక్ అవుట్ ఆన్ అని పూర్తిగా కొడితే ఫలితం లేదని వచ్చింది, లేదా మూడు మాటలనూ విడగొట్టి నడుచు, బయట, మీద అని చూపించింది. దానికన్నా ఏమీ చూపించకపోవడమే నయం.

వాక్-ఇన్ మనందరికీ తెలుసు, ముందు అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వెళ్లే ఇంటర్వ్యూ. లోపలికి మనిషి పట్టేంత పెద్ద బట్టల అలమరా కూడా వాక్-ఇన్నే. వాక్-ఆన్ అంటే నాటకంలోనో సినిమాలోనో అలా వచ్చి ఇలా పోయే పాత్ర, డైలాగులు ఉండవు. అమెరికా కాలేజీ ఆటల్లో స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చోటు సంపాదించిన కుర్రాడూ వాక్-ఆన్. వాక్-అప్ అంటే లిఫ్ట్ లేని ఇళ్ల భవనం. మధ్యలో గీత పెట్టి కొట్టినా, పెట్టకుండా కొట్టినా ఒకే చోటికి తీసుకెళ్లే డిక్షనరీ కావాలి మనకు. పేరున్న నాలుగు లెర్నర్స్ సైట్లూ ఈ పని చక్కగానే చేస్తున్నాయి.

చరిత్ర కావాలంటే మాత్రం వేరే తలుపు తట్టాలి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1884లో భాగాలుగా రావడం మొదలై 1928లో పూర్తయింది, ప్రధాన సంపాదకుడు జేమ్స్ మర్రే 1915లోనే చనిపోయాడు, చివరి అక్షరాలు చూడలేదు. ఇది అర్థాలను పుట్టిన వరసలో పెడుతుంది, పాతది ముందు, కొత్తది తర్వాత. వాక్ విషయంలో ఆ వరస చూస్తే ఆశ్చర్యమే. పాత ఇంగ్లీషులో దీని పూర్వరూపానికి నడవడం అన్న అర్థం కాదు, దొర్లడం, అలల్లా అటూ ఇటూ ఊగడం. తర్వాత అటూ ఇటూ తిరగడం, ప్రయాణించడం అయింది. కాళ్లతో నడవడం ఆ తర్వాత స్థిరపడింది. దీని చుట్టం ఇప్పటికీ జర్మన్‌లో ఉంది, అక్కడ వాల్కెన్ అంటే ఉన్నిబట్టను తడిపి, తొక్కి, చిక్కబరచడం. ఇంగ్లీషులో వాకర్ అన్న ఇంటిపేరు షికారు వెళ్లేవాళ్లది కాదు, బట్టను కాళ్లతో తొక్కి గట్టిపరిచే పనివాళ్లది. ఫుల్లర్, టకర్ అనే ఇంటిపేర్లూ అదే వృత్తివి. ఇవి చదివినప్పుడు దెయ్యాలు వాక్ చేస్తాయని ఇంగ్లీషులో ఎందుకంటారో కూడా అర్థమవుతుంది, వాటికి కాళ్లున్నాయా లేవా అన్న గొడవ లేదు, తిరగడం అన్న పాత అర్థమే అక్కడ మిగిలిపోయింది.

మెరియం-వెబ్‌స్టర్ కూడా పాత అర్థం ముందు పెట్టే పద్ధతే పాటిస్తుంది, అదీ ఉచితంగా చూడొచ్చు. మొదటిసారి తెరిచేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని తెరవాలి. పైన ఉన్నది ఎక్కువ వాడుకలో ఉన్న అర్థమని అనుకుంటే దారి తప్పుతారు, అక్కడ పైన ఉన్నది వయసులో పెద్దది. లెర్నర్స్ డిక్షనరీల్లో పైన ఉండేది రోజూ వాడేది. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల మంచి డిక్షనరీని చెడ్డదని పక్కన పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

విక్షనరీ గురించి మంచి మాట చెప్పాలి. 2002 డిసెంబరులో మొదలైంది, ఎవరైనా రాయొచ్చు. నాణ్యత అన్ని మాటలకూ ఒకేలా ఉండదు, అది నిజం. కానీ మాట పుట్టుక, ఇతర భాషల్లో దానికి సమానమైనవి, వీధి వాడుకలు, అన్నీ ఒకేచోట పైసా లేకుండా దొరకడం చిన్న విషయం కాదు. పైగా తెలుగు అనువాదం లేనిచోట మనమే చేర్చొచ్చు. యాప్‌లలో లేదని తిట్టుకునేవాళ్లు అరగంట కూర్చుని నాలుగు అర్థాలకు తెలుగు రాస్తే తర్వాత వచ్చేవాళ్లకు మేలు.

శాస్త్రాల్లోకి వెళ్లిన వాక్‌ను మామూలు డిక్షనరీల నుంచి మరీ ఎక్కువ ఆశించకూడదు. ర్యాండమ్ వాక్ అన్న పేరు 1905లో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ నేచర్ పత్రికకు రాసిన ఉత్తరంతో వచ్చింది. ఒక మనిషి ఒక చోట బయల్దేరి కొంత దూరం నేరుగా నడుస్తాడు, ఎటో ఒకవైపు తిరిగి మళ్లీ అంతే దూరం నడుస్తాడు, ఇలా ఎన్నోసార్లు చేశాక బయల్దేరిన చోటికి ఎంత దూరంలో ఉండొచ్చు అని అడిగాడు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ జవాబు పంపాడు. తూలుతూ నడిచే తాగుబోతును వెతకాలంటే బయల్దేరిన చోటికి దగ్గర్లోనే వెతకడం మంచిదని పియర్సన్ అప్పుడు తేల్చాడు. షేర్ల ధరల గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట వాడటం అందరూ వినే ఉంటారు. బిందువులు, వాటిని కలిపే గీతల లెక్కలైన గ్రాఫ్ థియరీలో ఇంకో రకం, అక్కడ వాక్ అంటే వచ్చిన దారిలోనే మళ్లీ వెళ్లినా ఫరవాలేదు, ట్రయిల్ అంటే ఒకే గీత మీద రెండోసారి వెళ్లకూడదు, పాత్ అంటే ఒకే బిందువును రెండోసారి తాకకూడదు. ఇంజినీరింగ్ విద్యార్థులు దీనికి పాఠ్యపుస్తకమే చూడాలి, యాప్‌లో బాట అని ఉంది కదా అని వాక్‌నూ పాత్‌నూ ఒకటే చేస్తే లెక్క తప్పుతుంది.

స్పేస్‌వాక్ మాట డిక్షనరీల్లో బాగానే ఉంటుంది. 1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్ వ్యోమనౌక బయట సుమారు 12 నిమిషాలు గడిపాడు, అదే మొదటిది. అందులో నేల లేదు, అడుగు లేదు, అయినా పేరు వాక్. మూన్‌వాక్ దగ్గర మాత్రం జాగ్రత్త, 1969లో చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ నిజంగా నడిచిందీ అదే, మైకేల్ జాక్సన్ 1983లో టీవీలో చేసి ప్రపంచాన్ని ఊపేసిన వెనక్కి జారే స్టెప్పూ అదే. రెండూ విడివిడిగా ఇచ్చారా లేదా చూసుకోండి.

ఉచ్చారణ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. వాక్‌లో ఎల్ పలకదు. టాక్, చాక్, స్టాక్ అన్నీ అంతే, రాతలో ఎల్ ఉంటుంది, నోట్లో ఉండదు. మనవాళ్లకు ఇంకో చిక్కు, వాక్‌కూ వర్క్‌కూ తేడా తెలిసేలా పలకడం. బ్రిటిష్ ఇంగ్లీషులో వర్క్‌లోనూ ఆర్ వినపడదు కాబట్టి తేడా అంతా అచ్చు మీదే ఉంటుంది. వాక్‌లో నోరు గుండ్రంగా అవుతుంది, వర్క్‌లో కాదు. ఐ వాక్ హియర్ అన్నారా, ఐ వర్క్ హియర్ అన్నారా అన్నది ఇంటర్వ్యూలో పెద్ద తేడానే. నేను చెప్పిన లెర్నర్స్ సైట్లలో బ్రిటిష్, అమెరికన్ రెండు గొంతులూ పక్కపక్కనే ఉంటాయి, రెండు మాటలనూ వెంటవెంటనే నొక్కి వినొచ్చు. ఉచిత యాప్‌లో వచ్చేది ఫోన్ చదివే యంత్రం గొంతు, నా ఫోన్లో ఆ రెండు మాటలూ పక్కపక్కన వింటే తేడా పట్టుకోవడానికి చెవి రిక్కించాల్సి వచ్చింది. పిల్లలకు దానితో నేర్పించొద్దు.

ఒక లోటు అన్నిటికీ ఉంది. ఇంటర్నెట్ డిక్షనరీ ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు. మ్యాక్‌మిలన్ డిక్షనరీ సైట్ 2023లో మూతపడింది. ఎక్కువ వాడే మాటలను ఎర్రగా, నక్షత్రాలతో చూపించే ఆ పద్ధతి నాకెంతో ఇష్టం, ఇప్పటికీ వెలితిగానే ఉంది. అందుకే అచ్చు పుస్తకం ఒకటి ఇంట్లో ఉండాలంటాను, పాత ఎడిషన్ అయినా సరే. వాక్ లాంటి మాటల అర్థాలు ఏటేటా మారిపోవు.

ఎవరికి ఏది అంటే, స్కూలు పిల్లలకు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు కోబిల్డ్. పరీక్షలకు చదివేవాళ్లకు ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్, ఏది అలవాటైతే అది. అనువాదం, సబ్‌టైటిల్స్ పని చేసేవాళ్లకు లాంగ్‌మన్ ముందు, పక్కన మెరియం-వెబ్‌స్టర్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి చందా కట్టాలి, మీ కాలేజీ లైబ్రరీకి చందా ఉందేమో అడగండి, చాలాచోట్ల ఉండీ ఎవరూ వాడరు. ఉచిత ఇంగ్లీష్-తెలుగు యాప్‌ను తీసేయమనడం లేదు, తెలిసిన అర్థానికి తెలుగు మాట గుర్తురానప్పుడు ఆ వరస పనికొస్తుంది. తెలియని అర్థం వెతకడానికి మాత్రం వాడొద్దు.

కొత్త యాప్ ఏదైనా దింపుకుంటే డబ్బు కట్టేముందు మూడు చూడండి. సైకిల్‌ను వాక్ చేయడం ఉందా, వాక్ అవుట్‌నూ వాక్ అవుట్ ఆన్‌నూ విడదీసిందా, వాక్ట్ ఫ్రీ అంటే శిక్ష తప్పించుకోవడమని చెప్పిందా. మూడూ ఉంటే కళ్లు మూసుకుని కట్టేయండి. రెండుంటే ఉచితంగా వాడుకోండి. ఒక్కటీ లేకపోతే అది డిక్షనరీ కాదు, పదాల జాబితా.